ఎడమకంటి అంటు

పద్దెనిమిదో నంబరు కుందేలు కంటినరం ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టిన షఫీ అరగంట సేపు కుర్చీలోంచి లేవలేదు. తర్వాత ఫోను తీసి డాక్టర్ హైమవతికి ఒకే మాట చెప్పాడు.

"మేడమ్, మీరు ఒకసారి కిందికి రావాలి."

రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల అవతల ఉంది ఆ నేత్ర పరిశోధనాలయం. పైఅంతస్తులో ఆపరేషన్ థియేటర్, కింద ప్రయోగశాల, దాని వెనక కుందేళ్ళ గది. హైమవతి అప్పుడే ఒక శుక్లం ఆపరేషన్ ముగించి, టోపీ కూడా తీయకుండా మెట్లు దిగి వచ్చింది. ఆమెకు యాభై రెండేళ్ళు. అందులో పంతొమ్మిదేళ్ళు ఒక్క పని మీదే పెట్టింది.

కొన్ని కుటుంబాల్లో తరం తర్వాత తరానికి వచ్చే కంటిజబ్బు ఒకటుంది. కంటి లోపలి గోడకు అతుక్కుని వెలుగును పట్టుకునే పలచని పొర, రెటీనా, అంచుల నుంచి ఎండిపోతూ వస్తుంది. మొదట రేచీకటి, తర్వాత గొట్టంలోంచి చూస్తున్నట్టు చూపు సన్నబడటం, చివరికి ఏమీ లేకపోవడం. హైమవతి, షఫీ కలిసి రోగి చేతిచర్మంలోని కణాలను గాజుపళ్ళెంలో పెంచి, కొత్త రెటీనా పొరగా మార్చి, కంట్లో అతికించే పద్ధతి కనిపెట్టారు. ఆ కణాలు ఎక్కడున్నాయో తెలియడం కోసం, నీలిరంగు కాంతి పడితే అవి ఆకుపచ్చగా మెరిసేట్టు చేశారు.

ఆ ఆకుపచ్చ మెరుపు రెటీనా దగ్గరే ఉండాలి. హైమవతి కన్ను ఆనించి చూసింది. కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం పొడవునా పచ్చని చుక్కలు బారులు తీరి ఉన్నాయి.

"కోసేటప్పుడు కత్తికి అంటుకుని వచ్చాయేమో?"

"కొత్త బ్లేడుతో మూడుసార్లు కోశాను మేడమ్. మూడింటిలోనూ ఉన్నాయి. పాకుతున్నాయి."

"ఒక్క కుందేలేగా."

"ఒక్కటే. కానీ ముందువాటిని ఆరు నెలల లోపే కోసి చూశాం. అతికించి ఏడు నెలలు నిండింది దీనికొక్కదానికే."

"పంతొమ్మిది, ఇరవై నంబర్లకు ఎప్పుడు నిండుతాయి?"

"ఇంకో పదకొండు రోజులు."

హైమవతి టోపీ తీసి బల్ల మీద పెట్టింది. మనిషికి ఈ ఆపరేషన్ చేసింది ఒక్కసారే. కడియం నర్సరీల్లో పనిచేసే నూకరత్నానికి, ఎడమ కంటికి, ఆరు నెలల కిందట. వచ్చే నెలలో మరో నలుగురికి చేయడానికి అనుమతి రాబోతోంది. ఒక్క కుందేలును చూపించి దాన్ని ఆపేయమంటే, మళ్ళీ తలుపు తెరుచుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆమెకు తెలుసు.

"ఆ రెండూ చూశాకే మాట్లాడదాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

"నూకరత్నంగారికి?"

"ముందు ఆవిడకే చెప్పకూడదు. భయపడిపోతుంది."

షఫీ స్లైడు మీద తేదీ రాసి పెట్టెలో పెట్టాడు. పదేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్నాడు. ఆమె మాట ఎప్పుడూ తప్పు కాలేదు.

*

నూకరత్నానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెళ్ళికాక ముందు నుంచి అంట్లు కట్టేది. వేరున్న మొక్క తల కోసి, మేలురకం కొమ్మను చీలికలో దింపి, ప్లాస్టిక్ పట్టీతో గాలి చొరకుండా చుట్టడంలో ఆమెంత చెయ్యి తిరిగిన వాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువ. ముప్ఫై నిండకుండానే చూపు పోయింది. తర్వాత ఎనిమిదేళ్ళూ చెట్టు నీడన కూర్చుని కవర్లలో మట్టి నింపింది. భర్త సూరిబాబు మొక్కల లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటే, కూతురు పావని ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళేది.

కట్టు విప్పిన రోజు నూకరత్నం మొదట చూసింది పావనినే. ఎనిమిదేళ్ళ పిల్లగా గుర్తున్న మనిషి పదహారేళ్ళ పిల్లయి ఎదురుగా నిలబడితే, కొంచెం సేపు పలకరించడానికి సిగ్గుపడింది.

తర్వాత నెల తిరగకముందే ఆమె ఇంకొకటి కూడా చూసింది. సందెవేళ పావని వీధి అరుగు దిగుతూ కాలితో మెట్టు కోసం తడుముతోంది. గుమ్మం దగ్గరున్న చెప్పుల్ని వంగి చేతితో వెతుకుతోంది. తనకు చూపు లేనప్పుడు ఇవన్నీ పిల్ల ఎన్నాళ్ళ నుంచి దాస్తోందో!

"ఎప్పటినుంచే?" అని అడిగింది.

"రెండేళ్ళయింది. నీకు చెప్పి ఏం లాభం అమ్మా? నువ్వే..." పావని ఆ మాట పూర్తి చేయలేదు.

మర్నాడే నూకరత్నం పిల్లను వెంటబెట్టుకుని హైమవతి దగ్గరికి వచ్చింది. "నాకు పెట్టినట్టే దీనికీ పెట్టండి డాక్టరమ్మగారూ" అంది. పావనికి ఇంకా చూపు ఉంది కాబట్టి తొందర లేదనీ, ముందు నలుగురికి చేశాక అయిదో పేరు పావనిదేననీ హైమవతి మాటిచ్చింది.

ఆ పదకొండు రోజులూ నూకరత్నం పనికి వెళ్ళింది. రోజుకు రెండు వందల మామిడి అంట్లు కట్టింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కళ్ళు మూసుకుంటే ఎడమవైపు పచ్చని మెరుపు వచ్చి పోయింది. ఎండ దెబ్బేమో అనుకుంది. పదో రోజు కనుబొమ వెనక నొప్పి మొదలైంది. పదకొండో రోజు పొద్దున్నే పావనిని తీసుకుని బస్సెక్కింది.

*

అదే పొద్దున షఫీ పంతొమ్మిది, ఇరవై నంబర్ల కుందేళ్ళను చూశాడు. రెండింటి నరాల్లోనూ పచ్చని బారులే.

నూకరత్నం తల స్కాన్ తీయించిన హైమవతి ఆ బొమ్మను లైటుపెట్టె మీద పెట్టి చూసింది. ఎడమ కంటినరం ఉబ్బి ఉంది. రెండు కళ్ళ నరాలు కలిసే కూడలికి ఆ వాపు ఇంకా చేరలేదు, కానీ దగ్గరలోనే ఉంది. కూడలి దాటితే ఆ తర్వాత మెదడే.

ఆమె తల్లీకూతుళ్ళను తన గదిలోకి పిలిచింది. షఫీ గోడ పక్కన నిలబడ్డాడు.

"నూకరత్నం, నీ కంట్లో పెట్టిన పొర తన చోటు దాటి పెరుగుతోంది. కంటినరంలోకి దిగింది."

నూకరత్నం ఒక్క క్షణం ఆలోచించింది. "కొమ్మ కింద మొక్కను తినేత్తందన్నమాట."

"అలాంటిదే. ఆపడానికి మందుంది. మొదట్లోనే ఆ కణాల్లో ఒక మీట పెట్టాం. ఈ మందు ఎక్కిస్తే అవన్నీ చచ్చిపోతాయి."

"అన్నీ అంటే? చూపున్నవి కూడానా?"

"అన్నీ. మళ్ళీ పెట్టడం కుదరదు."

పావని తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"మరి మీకెప్పుడు తెలిసిందండీ?" అంది నూకరత్నం.

ఇవాళే అని చెప్పవచ్చు. షఫీ నేల చూపులు చూస్తున్నాడు.

"పదకొండు రోజుల కిందట ఒక కుందేల్లో చూశాం. ఖాయం చేసుకుందామని ఆగాను."

"పదకొండు రోజులు!" నూకరత్నం లేచి నిలబడింది. "నా తలకాయలోకి పాకుతుందని తెలిసి, పదకొండు రోజులు నన్ను పనికెళ్ళనిచ్చారా? ఒక్క ఫోను చేత్తే ఏం పోయిందండీ మీకు?"

"తప్పు చేశాను."

"ఇప్పుడు ఆ మందు ఎక్కించుకుంటే మా పిల్ల సంగతేంటి?"

షఫీ చెప్పాడు. "ప్రయోగం ఆపేస్తారమ్మా. అదుపు తప్పితే చంపడం తప్ప మరో దారి లేని పొరను ఇంకొకరికి పెట్టనివ్వరు."

"అయితే ఆ మందు నాకొద్దు. ఈ పొర బతికుంటేనే మా పిల్లకీ దారుంటాది."

"అమ్మా!" అంది పావని.

"వద్దంటే వద్దే. పద."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఎన్నాళ్ళుందండీ నాకు? ఈసారైనా ఉన్నది చెప్పండి."

"మెదడుకు చేరడానికి మూడు వారాలు. ఇంకా ముందే కావచ్చు."

*

ఆ సాయంత్రం షఫీ మందు సీసాల పెట్టె తెరిచాడు. అన్నీ గోధుమరంగు సీసాలే. పెట్టె మీద అతని చేతిరాతే ఉంది: వెలుగు తగలనీయరాదు. రెండేళ్ళ కిందట ఒక సీసాను కిటికీ దగ్గర మరిచిపోతే, పసుపుపచ్చని మందు గంటలో నీళ్ళలా తెల్లబడి, దేనికీ పనికిరాకుండా పోయింది. ఆ రోజు హైమవతి అతన్ని తిట్టింది కూడా.

అతను పరుగున పైకి వెళ్ళాడు.

"మేడమ్, మందు వెలుగులో విరిగిపోతుంది కదా. రెటీనా వెలుగులో ఉంటుంది. నరం చీకట్లో ఉంటుంది."

హైమవతి రాస్తున్న కలం ఆగింది.

"మందు ఎక్కించినంత సేపూ కంట్లోకి గట్టి వెలుగు కొడితే, రెటీనా దగ్గరికి వచ్చిన మందు అక్కడే విరిగిపోవాలి. నరంలో దాక్కున్న కణాలకే తగలాలి."

"అంత వెలుగు గంటల తరబడి కొడితే రెటీనాయే మాడిపోతుంది షఫీ."

"ఎన్ని గంటలకు మాడుతుందో చూద్దాం."

నాలుగు రోజుల్లో, ఏడో నెల నిండుతున్న మరో నాలుగు కుందేళ్ళ మీద చూశారు. నాలుగింటిలోనూ నరం శుభ్రపడింది. కానీ చూపు మిగిలింది రెండింటికే. మిగతా రెండింటి నరాల్లో పచ్చకణాలు మరీ ఎక్కువగా ఉండటంతో, అవన్నీ చచ్చేలోపు వెలుగే రెటీనాను తినేసింది.

అయిదో రోజు ఇద్దరూ కారులో కడియం వెళ్ళారు. బంతినారు మళ్ళ మధ్య పందిరి కింద నూకరత్నం అంట్లు కడుతోంది. వాళ్ళను చూసి లేవలేదు. పని ఆపలేదు.

హైమవతి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. కుందేళ్ళ లెక్క ఉన్నదున్నట్టు చెప్పింది. సగానికి సగం అవకాశం, అది కూడా గట్టిగా చెప్పలేనని చెప్పింది.

"ఇది కుదిరితే మా పిల్లకి పనికొత్తాదా?"

"మీ కంట్లో ఏమైనా సరే పనికొస్తుంది," అన్నాడు షఫీ. "ఎంత వెలుగు, ఎంతసేపు అన్నది మనిషి కంట్లో తెలిస్తే, చీకట్లోకి వెళ్ళగానే తమంతట తామే చచ్చిపోయే కణాల్ని తయారుచేయొచ్చు. నరంలోకి దిగే పనే ఉండదు."

నూకరత్నం పట్టీ చివర ముడివేసి, బ్లేడును చేతిగుడ్డలో చుట్టి పెట్టుకుంది.

"అయితే పావని గదిలోనే ఉండాల. జరిగేదంతా దాని ముందే జరగాల. ఏదైనా సరే తెలిసిన నిమిషానే చెప్పాల. అలాగైతేనే వత్తాను."

*

బుధవారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారు. నూకరత్నాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, తల కదలకుండా కట్టి, ఎడమ కనురెప్పలు మూసుకోకుండా సన్నని క్లిప్పు పెట్టారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశారు. నొప్పి తెలియకుండా మరో చుక్క. పావని తల్లి కుడిచెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. షఫీ ఎదురుగా ఉన్న తెర మీద, నరంలోని పచ్చకణాల లెక్క ఒక గీతగా కనిపిస్తోంది.

దీపం వెలిగించారు. నూకరత్నం ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది.

"సూర్యుణ్ణి తెచ్చి కంట్లో పెట్టారండీ బాబూ."

"ఓర్చుకో నూకరత్నం. నిమిషానికోసారి చల్లటి నీళ్ళు వేస్తుంటాం."

మందు నల్లటి గొట్టంలోంచి చేతినరంలోకి ఎక్కడం మొదలైంది.

మొదటి గంటలో గీత కదలలేదు. రెండో గంటలో దిగడం మొదలైంది. అరగంటకోసారి దీపం ఒక్క నిమిషం తగ్గించి, పైకప్పుకు అంటించిన అక్షరాలు చదివించారు. మూడో గంటలో కూడా ఆమె అన్ని వరసలూ చదివింది. పావని మొహంలో నవ్వు వచ్చింది.

మూడున్నర గంటల దగ్గర నూకరత్నం ఆగిపోయింది.

"చివరి అక్షరాలు లేవు."

"ఉన్నాయమ్మా," అంది పావని.

"పక్కనుంచి మసక వత్తంది."

హైమవతి తెర వైపు చూసింది. "ఎంత మిగిలాయి?"

"నూటికి పదిహేడు," అన్నాడు షఫీ.

హైమవతి నూకరత్నం చెవి దగ్గరికి వంగింది.

"నూకరత్నం, విను. నరంలో ఇంకా ఆరో వంతు మిగిలి ఉన్నాయి. ఇప్పుడు ఆపితే నీ చూపు చాలావరకు నిలబడుతుంది. కానీ ఆ మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. ఇంకోసారి ఈ పని చేయడానికి నీ కన్ను తట్టుకోలేదు. ఆపకపోతే నరం శుభ్రపడుతుంది, చూపు మాత్రం ఎంత మిగులుతుందో చెప్పలేను. మిగలకపోవచ్చు."

"ఆపితే ఎన్నాళ్ళు బతుకుతాను?"

"ఏడాది. మహా అయితే రెండేళ్ళు."

"చాలమ్మా, ఆపమను," అంది పావని. వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు, కాదు. నాకు తెలీదు. అమ్మా, నాకు తెలీదు."

"నువ్వు ఇటు రా. పైకి వంగు. నా కంటికి ఎదురుగా."

షఫీ దీపం తగ్గించాడు. పావని తల్లి మొహం మీదికి వంగింది. నూకరత్నం కట్టిపడేసిన తలతో, మూసుకోలేని ఒంటికంటితో కూతుర్ని చూసింది. నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా చూసింది. నిమిషం అయిపోయింది. షఫీ దీపం పెంచలేదు. ఇంకో నిమిషం కూడా అయిపోయింది.

"ఎడం బుగ్గ మీద మచ్చ ఎక్కడిదే?"

"చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాను. నువ్వే పసుపు పెట్టావు."

"తడిమి పెట్టుంటాను. చూడలేదు." ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది. "ఇంక పక్కకి జరుగమ్మా. కానివ్వండి డాక్టరమ్మగారూ."

దీపం మళ్ళీ పెరిగింది. నాలుగో గంటలో గీత పదకొండుకు దిగింది. నాలుగున్నర గంటల దగ్గర పైవరస అక్షరాలు కూడా పోయాయి. తర్వాత చదివించడం మానేశారు. పావని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. కాలేజీ సంగతులు, నాన్న లారీ సంగతులు. మాటలు అయిపోతే మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. నూకరత్నం కేకలు పెట్టలేదు. పావని అరచేతిలో గోళ్ళు దిగబడ్డాయి.

మొదలుపెట్టిన అయిదు గంటల ఇరవై నిమిషాలకు గీత నేలకంటింది.

"సున్నా," అన్నాడు షఫీ, అని దీపం ఆర్పాడు.

*

నరంలో వాపు పది రోజుల్లో తగ్గింది. మెదడుకు ఏ ప్రమాదమూ లేదు. కట్టు విప్పాక నూకరత్నానికి వెలుగు ఎటునుంచి వస్తోందో తెలుస్తోంది. చూపు కిందిభాగంలో చంద్రవంక లాంటి చిన్న ముక్క మిగిలింది. తల పైకెత్తితే అందులోంచి మనిషి కదలిక కనబడుతుంది. మొహం కనబడదు.

నెల తర్వాత విచారణ సంఘం కూర్చుంది. పొడవాటి బల్లకు ఒకవైపు అయిదుగురు సభ్యులు, మరోవైపు హైమవతి, షఫీ. నూకరత్నాన్ని కూడా పిలిచారు.

పదకొండు రోజుల ఆలస్యం వల్ల రోగికి జరిగిన నష్టమేమిటని అధ్యక్షుడు అడిగాడు. అంత కచ్చితంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదనీ, ఆ సంగతే చెబితే చాలనీ లాయరు ముందురోజు హైమవతికి సలహా ఇచ్చాడు.

హైమవతి షఫీ గీసిన పటం తీసి బల్ల మీద పరిచింది.

"కుందేళ్ళలోనూ నూకరత్నంలోనూ కణాలు పెరిగిన వేగం ఇది. మొదటి రోజే చెప్పి, అప్పుడే ఈ దారి వెతికి ఉంటే, నరంలో కణాలు ఇందులో సగమే ఉండేవి. మూడు గంటల్లో శుభ్రపడేది. మూడో గంటకు ఆవిడ అన్ని వరసలూ చదివింది." ఆమె పటం మీది నుంచి చెయ్యి తీసింది. "ఆ చూపు పోవడానికి కారణం నేను."

షఫీ కళ్ళు తుడుచుకున్నాడు. సభ్యుల్లో ఒకరు కలం కింద పెట్టారు.

"మీరేమైనా చెప్పదలుచుకున్నారా అమ్మా?" అని అధ్యక్షుడు నూకరత్నాన్ని అడిగాడు.

ఆమె తల పైకెత్తి, మాట వచ్చిన వైపు తిరిగింది.

"ఏం చెప్పమంటారండీ. ఆరు నెలలు చూశాను. ఆవిడే ఇచ్చింది, ఆవిడే పోగొట్టింది. నేనేం దండాలు పెట్టను. తిట్టడానికీ ఓపిక లేదు. మీ రూలు ఎలాగుంటే అలాగే చేయండి. ఆ షఫీ బాబు పని మాత్రం ఆపకండి."

హైమవతి మూడేళ్ళ పాటు ఏ ఆపరేషనూ చేయకూడదని తీర్మానించారు. పరిశోధన షఫీకి అప్పగించారు. బయటి రోగులను పరీక్షించే పని మాత్రం ఆమెకు ఉంచారు.

సోమవారం పొద్దున ఓపీ గదిలో చీటీల ప్రకారం పేర్లు పిలుస్తున్నారు. ఏడో చీటీకి తలుపు తెరుచుకుంది. పావని, ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని నూకరత్నం.

హైమవతి కుర్చీలోంచి లేచింది. "వేరే డాక్టరుగారి దగ్గరికి పంపమంటావా?" అంది.

"వద్దండి. మీరే చూడండి," అంది నూకరత్నం. బెంచీ తడుముకుని కూర్చుంది. "వేరే వాళ్ళయితే నాకు నచ్చేది చెబుతారు."

హైమవతి పావని గడ్డాన్ని పరికరం మీద ఆనించి, కుడికన్ను చూసింది, ఎడమకన్ను చూసింది. చూపు వెడల్పు కొలిచే యంత్రం ముందు కూర్చోబెట్టి, చుక్క కనబడినప్పుడల్లా బటను నొక్కమంది. కాగితం బయటికి వచ్చింది. పాత కాగితం పక్కన పెట్టి చూసింది.

ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని ఫోను చేయవచ్చు. మరోసారి కొలిచి చూద్దామనవచ్చు.

"తగ్గింది," అంది హైమవతి. "పోయిన పరీక్షకీ దీనికీ అంచుల్లో బాగా తగ్గింది. నేననుకున్న దానికంటే తొందరగా పోతోంది పావనీ. ఇదే వేగమైతే అయిదేళ్ళు."

పావని పెదవులు బిగించింది.

"కొత్త కణాలకి షఫీ బాబు ఎన్నేళ్ళు కావాలన్నాడు?" అంది నూకరత్నం.

"నాలుగు."

"ఏడాది మిగులుతుంది గదా," అంది నూకరత్నం. లేచి, కూతురి భుజం కోసం చెయ్యి చాచింది. "వచ్చే నెల ఏ తారీఖు రావాలో కాగితం మీద పెద్దక్షరాలతో రాయండి. దానికి సాయంత్రంపూట చిన్నవి కనబడవు."

హైమవతి రాసింది.